స్థిరాస్తి

ఆ తలుపు మీద ఎర్ర రంగుతో పదిహేడు వేసింది నేనే.
కుంచె మునిసిపాలిటీది,
చెయ్యి మాత్రం నాది.

ఒడ్డు వెంబడి నాలుగు వరసల రోడ్డు వస్తుంది,
దీపాలు, సిమెంటు బల్లలు, పర్యాటకుల పడవలకో రేవు.
ప్లానులో ఎర్సీరా చిగువాయ్ ఇల్లు
కార్లు ఆపే చోట పడింది.

ఫారంలో రెండు గళ్ళు.
"స్థిరాస్తి అంటే?" అందావిడ,
ఊదారంగు బంగాళాదుంప చెక్కు తీస్తూ.
"కదలనిది. నేల, ఇల్లు, బావి."
కత్తి ఆగింది.
"ఇల్లు కదలదని నీకెవరు చెప్పార్రా, నిబాల్దో?
మీ అమ్మ పెళ్ళినాటికి ఇది ఆ కొండ మీద ఉండేది.
కిందికి దించింది మీ తాత ఎద్దులే."

మా ఇంట్లో ఎవరూ నాకా మాట చెప్పలేదు.

ఫిబ్రవరిలో ఒక గురువారం సెలవు పెట్టాను.
కారణం అన్న చోట సొంత పని అని రాశాను.
అబద్ధం కాదనే అనుకుంటున్నాను.

కిటికీ అద్దాలు ఊడదీసి దుప్పట్లలో చుట్టారు.
ఇనప పొయ్యిని నలుగురు మోసుకొచ్చి గడ్డిలో దించితే
అది ఇంకా వెచ్చగానే ఉంది.
ఇంటి అడుగున రెండు నిలువు దుంగలు దూర్చారు.
పదకొండు జతల ఎద్దులు.
కూలి లేదు, రసీదు లేదు, అంతా చేబదులే.
ఎప్పటిదో ఒక విత్తనాల మూట,
ఎవరి కానుపుకో మేలుకున్న రాత్రి,
తుఫానులో ఎలియోదోరో పడవకి ఆవిడ విసిరిన తాడు.
ఇన్నేళ్ళూ ఎవరూ లెక్క రాయలేదు,
ఎవరూ మర్చిపోనూ లేదు.

ముందు ఏమీ జరగలేదు.
తాళ్ళు బిగిశాయి. ఎద్దుల మూతులు బురదని తాకాయి.
ఎవరో బూతులు తిట్టారు. వాన మొదలై ఆగింది.
అప్పుడు లోపలెక్కడో ఒక మేకు ఊడిన చప్పుడు,
ఇల్లు జానెడు జరిగింది.
ఆ జానెడే కష్టం.

పోటు ఆరింటికి.
దాన్ని వాయిదా వేసే కార్యాలయం ఇంకా పుట్టలేదు.
పీపాలు కట్టారు, రెండు మోటారు పడవలకి తగిలించారు,
గడప తడిసింది,
చెక్క పెంకుల గోడలు కాసేపు ఎటూ తేల్చుకోక ఒరిగి,
నిలబడి, తేలాయి.
చిలోయే చల్లటి నీళ్ళ మీద
నేను వేసిన అంకె ఊగుతూ పోయింది.
ఎర్సీరా ముందు పడవలో కూర్చుంది,
దారికి వీపు పెట్టి, ఇంటి వైపు తిరిగి.
పెదవులు కదులుతూనే ఉన్నాయి.
మోటార్ల రొదలో ఏమందో ఎవరికీ తెలీదు.

అవతలి ఒడ్డున గొర్రెపిల్లని కాల్చారు.
నా పళ్ళెంలో ఆవిడే వడ్డించింది,
ఒక ముక్క ఎక్కువే వేసింది.
అది నాకు సరిగ్గా దిగలేదు.

బావి వెంట రాలేదు.
పొద్దున ఏడింటికి వంటింట్లో పడే ఎండ రాలేదు,
కొత్త చోట అది పడగ్గదిలో పడుతుందట,
ఆవిడ రోజూ ఎండ కంటే ముందే లేచిపోతుందట.

సోమవారం కొలతలకి వెళ్ళాను.
గడ్డి మొలవని ఒక పాలిపోయిన నలుచదరం,
అందులో, సరిగ్గా పొయ్యి ఉండే చోట,
ఒళ్ళంతా ఉప్పుతో అట్టలు కట్టి
ఆవిడ కుక్క పడుకుని ఉంది.
మూడుసార్లు పడవలో తీసుకెళ్ళారట.
మూడుసార్లూ ఈదుకుంటూ వచ్చేసింది.

టేపు పట్టుకున్న కుర్రాడు అడిగాడు,
"పదిహేడు ఏదండీ?"
నీళ్ళకి అటు చూపించాను.
అక్కడ పొగ లేస్తోంది.

చరాస్తి గడిలో ఇల్లు అని రాశాను.
స్థిరాస్తి దగ్గర కలం చాలాసేపు పట్టుకుని,
బావి ఒకటి, కుక్క ఒకటి.

పై అధికారి కుక్కని ఎర్ర గీతతో కొట్టేశాడు.
బావి డబ్బులు ఇంకా రాలేదు.