పదిహేడో నంబరు ఫారం

పుస్తకంల 'పేశి' అని ఉన్నది.
నాకు పేషీ అంటె అహేరి కోర్టే.
మూడెకరాల కోసం మా మామ
పద్దెనిమిదేండ్లు ఎక్కి దిగిన మెట్లు,
సంకల కాయితాల సంచి, నోట్లె సున్నం ఎక్కువైన పాను.
"అది కాదు చిన్నమ్మా," అంటది రుచిత, మా అక్క బిడ్డ.
"పేశి అంటె జీవకణం. పైన పొర, లోపల రసం,
నడుమ కేంద్రకం."
పైన పొర, లోపల రసం, నడుమ పచ్చసొన.
అట్ల చెప్పు మరి.
అంగన్‌వాడిల దినాం నలభై గుడ్లు ఒలిచే చెయ్యి ఇది.

ముప్పై ఆరేండ్లకు పది రాస్తున్న.
పాసైతె మదతనీస్‌ను కాను, సేవికను.
ఫారం అడిగితె బడి గుమస్తా
కండ్లద్దాలు ముక్కు మీదికి జార్చి
"ఎవరికి?" అన్నడు.
"నాకే."
అద్దాలు మల్ల పైకి జరుపుకున్నడు.

మా సిరోంచల ఇంట్ల తెలుగు, బడిల మరాఠి,
అంగట్ల రెండూ కలిపి.
ఆమ్లం మాత్రం రెంటిల ఆమ్లమే, దాని కడుపు సల్లగుండ.
ఆమ్లం, ఆమ్లారి కలిస్తె ఉప్పు, నీళ్ళు.
ఆ కలయిక పేరు ఉదాసినీకరణ.
ఉదాసీనమా?
అంత బుసబుస పొంగి, కడకు
ఒకరినొకరు పట్టించుకోకుండ కూసునుడా?
నవ్వొచ్చింది. మా ఆయన యాదికొచ్చిండు.
పందొమ్మిదేండ్ల కాపురం.
ఉప్పు, నీళ్ళు.

సూచకం అంటె లిట్మస్ కాయితం అంటది రుచిత.
వాళ్ళ బడికి ఒక్క పొట్లం వచ్చిందట,
సారు బీరువాల పెట్టి తాళంచెవి పోగొట్టిండట.
నేను లేచి గోలెం కాడికి పోయిన.
పొద్దటి చీర కొంగుకు పసుపు మరక,
దాని మీద బట్టల సబ్బు రుద్దిన.
ఎర్రగైంది.
నీళ్ళతోటి జాడిస్తె మల్ల పసుపు.
పిల్ల నోరు తెరిచింది.
కాపురానికొచ్చిన కొత్తల ఈ ఎరుపు చూసి
రక్తమనుకొని నా గుండె ఆగింది.
దీనికి మార్కులుంటయని
ఎవ్వరు చెప్పలే.

ఇగ కరెంటు పాఠం.
'రోధ్' అంటరు మరాఠిల. నాకు రొద అనే వినవడ్డది.
ఎనక నుంచి ఎంత నూకినా
రొద ఎక్కువైతె ధార సన్నగైతది.
ఇది నాకు సూత్రం కట్టి చెప్పాల్నా?

అంతల బల్బు ఎర్రగ మినుకుమని పోయింది.
మాకు పోయింది. ఎదురింట్ల ఉన్నది,
వేరే ఫేజు.
వైర్‌మన్ మోరేశ్వర్ ఫోన్ల "పొద్దున చూస్త" అన్నడు.
పొద్దున పదకొండుకు నా పేపరు.

ఎదురిల్లంటె మూడెకరాల ఇల్లు,
పేషీల అవతలి పక్కన నిలవడ్డ ఇల్లు.
మామ సచ్చినంక గూడ మాటల్లేవు.
"అక్కడికా?" అని రుచిత ఆగిపోయింది.
నేను చాప సంకల పెట్టుకొని
వాళ్ళ కిటికీ వెలుతురు వాకిట్ల పడ్డంత మేర,
అంత మేరనే, పరుచుకొని కూసున్న.
ప్రాణహిత మీదికెల్లి గాలి వస్తె
పేజీకి మోకాలు అడ్డం పెట్టి చదివిన:
ఎలక్ట్రాన్లు రుణం దిక్కు నుంచి
ధనం దిక్కు పోతయట.
నిజమే, మా పైసలు గూడ అటే పోయినయి.
ధారను మాత్రం ఉల్టా రాస్తరట,
ధనం కాడికెల్లి రుణం కాడికి వస్తున్నట్టు.
లెక్క రాసేటోళ్ళు
ఎక్కడైనా ఒక్కటే.

లోపల ముసల్ది, బుచ్చక్క, దగ్గింది.
చెప్పులు లేని అడుగులు.
స్విచ్చి చప్పుడు.
కిటికీ చీకటైంది.
అక్షరం మీద వేలు పెట్టి అట్లనే ఉన్న,
తప్పిపోతదేమోనని.

ఇంకో స్విచ్చి.
నా నెత్తి మీద, అరుగు లైటు.

మాట లేదు. నేను తల ఎత్తలే.
పురుగులు మూగినయి,
రెక్కలు ఊదుకుంట
పేజీ తిప్పిన.