ఎడమ వెనక చక్రం

జోందో అడిగిన మొదటి ప్రశ్న:
"ఎప్పట్నుంచి?"
నేను అందర్నీ అడిగేదీ అదే.

మంగళవారం నుంచి, అన్నాను.
మెల్లగా పోతే టిక్కు టిక్కు,
వేగం అందుకుంటే చడీచప్పుడూ ఉండదు.
బ్రేకు తొక్కితే?
అప్పుడూ ఉంది.
మలుపు తిరిగితే?
కుడికైనా ఎడమకైనా ఒకటే.
చలికా, ఎండకా?
జోందో, నేను దానికి జ్వరం చూడలేదు.

జుగ్దిది ఊరి చివర, రేకుల కప్పు కింద
నలభై ఏళ్లుగా ఇనుముని ఇనుముతో కొట్టి కొట్టి
సన్నని చప్పుళ్లన్నీ పోగొట్టుకున్నాడు.
పిచ్చుకలు ఊరికే నోళ్లు తెరిచి మూస్తాయట.
లారీ ఇంజను మీద అరచెయ్యి ఆనించి
రోగం చెప్పేస్తాడు గానీ
ఇది మరీ చిన్నది, చేతికి అందలేదు.
"నీ చెవి కావాలి, నానులీ" అన్నాడు.

అలా, యాభై ఎనిమిదేళ్ల మంత్రసానిని,
నా కారు డిక్కీలో నేనే పడుకున్నాను,
మోకాళ్లు గడ్డానికి తగిలేట్టు ముడుచుకుని,
నేను బయటికి తీసేవాళ్లంతా పడుకునే తీరులో.
చేతిలో నా చెక్క గొట్టం,
తల్లుల పొట్ట మీద ఆనించి వినేది.
వెడల్పు మూతి చక్రం పైన రేకుకి,
రెండోది నా చెవికి.
పెట్రోలు వాసన, తడిసిన గోనె వాసన,
ఎవరో ఫీజు బదులు ఇచ్చిన ఉల్లిపాయలు.

టైరు మీద సుద్దతో ఒక గీత గీసి
జోందో బండి కదిలించాడు.
పక్కనే నడుస్తూ అతని మనవరాలు గ్వాంత్సా
గీత నేలని తాకినప్పుడల్లా
రేకు మీద చేత్తో తడుతోంది.
తట్టు. టిక్.
తట్టు. టిక్.
రోడ్డుకి అడ్డంగా ఆవులు.
ఆగాం. అదీ ఆగింది.
ఆవులు తీరిగ్గా వెళ్లాయి.
తట్టు. టిక్.

"చుట్టుకి ఒక్కటే!" అని అరిచాను.
అతనికి వినపడలేదు.
గ్వాంత్సా ఒక వేలు చూపించింది.

బేరింగైతే మూలుగుతుంది, అన్నాడు జోందో,
బ్రేకైతే కీచుమంటుంది.
ఇది ఏదో వదులుగా తిరిగేది,
వేగానికి అంచుకి అంటుకుపోయి
నోరు మూసుకునేది.
స్క్రూడ్రైవరు పెట్టి చక్రం మూత ఊడదీశాడు.

ఒక హేజెల్ కాయ
దొర్లుకుంటూ వచ్చి
గ్వాంత్సా చెప్పు దగ్గర ఆగింది.

మంగళవారం. ఎంగురి ఒడ్డున పల్లె.
లోపల వాళ్లమ్మ పళ్లు బిగబట్టి ఉంది.
బయట ఆరేళ్లవాడు
నా కారు చక్రం పక్కన గొంతుక్కూర్చుని.
ఏం చేస్తున్నావురా?
ఏం లేదు.
జేబులు ఉబ్బి ఉన్నాయి.
తమ్ముడు పుట్టాడురా అని చెప్తే
"నువ్వే తీసుకుపో" అన్నాడు.
పాపం, వాడి ఫిర్యాదు
నాలుగు రోజులు నా వెంటే తిరిగింది.

ముగ్గురం నవ్వాం.
మూత మళ్లీ పెట్టబోతూ జోందో ఆగిపోయాడు.
రెండు వేళ్లతో ఒక బోల్టు పట్టుకున్నాడు.
తిరిగింది.
పక్కదీ తిరిగింది,
పానా అక్కర్లేకుండా, జాడీ మూతలా.

"ఎవరు బిగించారివి?"

మూడు వారాల కిందట, వాన, చీకటి, పంక్చరు,
కొండ మీద నొప్పులు మొదలైన మనిషి.
నేనే.

ఇన్ని రోజులూ ఒక్క చప్పుడు చెయ్యలేదు ఆ రెండూ.

బిడ్డ కేకపెడితే
నేను తాపీగా కత్తెర వెతుక్కుంటాను.
కేక రాకపోతేనే
నా చేతులు నన్నడక్కుండా పరిగెడతాయి.
ముప్ఫై ఏళ్లుగా తెలిసిన సంగతి.
డిక్కీలో పడుకున్నప్పుడు గుర్తు రాలేదు.

జోందో పానా మీద ఎక్కి నిలబడి బిగించాడు,
ఒకటి, తర్వాత దాని ఎదుటిది.
బోల్టులకి డబ్బు తీసుకున్నాడు,
కాయకి తీసుకోలేదు.

దాన్ని అద్దం ముందు గూట్లో వేశాను.
ఆదివారం ఆ తమ్ముణ్ణి తూకం చూడ్డానికి వెళ్లాలి,
వాడి వస్తువు వాడికివ్వాలి.
మలుపు వచ్చినప్పుడల్లా
అటు దొర్లి టిక్, ఇటు దొర్లి టిక్.
అననీ.