ఏకిన కాగితం

వరద తీసిన పదకొండో దినం
వకీలు తిరువెంగళప్ప గారి మనవడు
సిమెంటు సంచిలో తెచ్చి నా అరుగు మీద పెట్టినాడు
ఉబ్బిన పుస్తకాన్ని.
అప్పటికింకా చిత్తారిగేరి గోడల మీద
మనిషి ఎత్తున తుంగభద్ర గీసిన గీత ఆరలేదు.
"ఇంగ్లీషు దొరలది. పాతది. రేటు పలుకుతుందంట.
అచ్చయిన కాగితాలు మటుకు బాగుచెయ్, చాలు" అన్నాడు.

మా జేజినాయన దూది ఏకినోడు.
వింటినారి టంగుమంటే
గింజ ఒకపక్క, మబ్బు ఒకపక్క.
నేను కాగితం ఏకుతా.
వెదురు పుల్ల, పాత పేపర్లు, ఫ్యాను గాలి.
మాడిన దోసెను పెనం నుంచి లేపినట్టు
ఒక పుటను ఇంకో పుట నుంచి.
చెక్కపొట్టు కాగితం కాదది, పేలిక గుడ్డలది,
నూలు కాబట్టి బతికింది.
నా వేలికి ముందే తెలిసిపోయింది
ఇది ఏ దేశంలోనో ఎవరో తొడిగి పారేసిన చొక్కాయని.

నాకు ఇంగ్లీషు పదో తరగతి మటుకే.
కూడబలుక్కున్నా.
ఒక ప్రభువు తన విసుగు మీద పద్యం చెప్తే
ఇంకో ప్రభువు భార్య ఆ విసుగుకు బదులు చెప్పింది.
వేడినీళ్ళ ఊటలుండే ఊరి నుంచి నాలుగు పుటల జాబు.
పంటినొప్పికి లవంగాల మందు.
ఒక బిషప్పు మీద ఎగతాళి.
చచ్చిపోయిన బొచ్చుకుక్క మీద పన్నెండు పద్యాలు.
పేర్లుండవు. మొదటి అక్షరం, దాని పక్కన ఒక అడ్డగీత.
ఆడవాళ్ళయితే "గొప్పింటి స్త్రీ ఒకరు", అంతే.
గీత వెనక ఎవరున్నారో తెలిసినోళ్ళకే ఆ పుస్తకం.
కలగూరగంపే,
కానీ తోలు అట్ట, బంగారు అంచు ఉండే గంపను
నేనెప్పుడూ చూడలే.

చివర్లో పదారు కాగితాలు వేరే దారంతో కుట్టి ఉండె.
వకీలు గారే కుట్టించుకున్నట్టుంది.
నీలం మబ్బులు తప్ప ఏమీ లేవు వాటిలో.
చేత్తో రాసిన తెలుగంతా కరిగిపోయింది.
అచ్చు సిరాలో నూనె ఉంటుంది, వరదకు లొంగదు.
పెన్ను సిరా నీళ్ళ బిడ్డ,
పిలిస్తే లేచిపోతుంది.
కుక్క పద్యాలు పన్నెండూ అక్షరం చెదరలేదు.

మా నాయన చెప్తాండె,
ఎండాకాలం ఆదివారాలు వకీలు గారి మిద్దె మీద
పశువుల డాక్టరు నరసోజీ, మున్షీ బడేసాబు,
పోస్టాఫీసు ఆరోగ్యప్ప చేరి
దొరల పద్యానికి పద్యం బదులు కట్టేవాళ్ళంట.
హంద్రీ ఇసుక మీద, రాని ఫీజుల మీద,
బజ్జీలో తక్కువైన కారం మీద.
కింద వంటింట్లో నుంచి
బజ్జీలు మటుకు మిద్దెక్కేవి.

సాయంత్రం ఎండ ఏటవాలుగా పడింది.
ఆఖరి నీలం పుటలో చాళ్ళు కనపడినాయి.
మిగతావాళ్ళ పాళీలు కాగితం మీద నడిచినాయి,
ఈ పాళీ దున్నింది.
సంతకం లేదు. కింద ఒక అరసున్న,
రాస్తారు గానీ పలకరే, అది.
పుట అంచున, చెయ్యి ఆనిన చోట, నూనె మరక.
మరక ఉన్న మేర నీళ్ళు చొరలేదు.
దాని కింద సిరా ఉన్నది ఉన్నట్టే ఉంది:

"దొరసానీ, నీ కుక్కకు పన్నెండు చెప్పినావు.
మా పాపకు"

మరక అయిపోయింది.
పక్కన చాళ్ళున్నాయి గానీ
ఎటు వంచినా వెలుగు వాటిలో నిలబడలే.

మనవడు ఫోను చేసినాడు.
"ఆ నీలం కాగితాలు తీసేసినావా?"
"మైదా ఉడుకుతాంది, మైలుతుత్తం వేస్తాండా" అన్నా.
అది జవాబు కాదని ఆ పిల్లోనికి తెలీలేదు.

పదారూ కుట్టినా.
పుస్తకం చివర్లో కాదు,
పన్నెండో పద్యం ఎదురుగా.
పైన రోటి పొత్రం ఎత్తిపెట్టినా.
రెండు దినాలు బరువు కింద ఉండాల.