అతుకు

నెల్లిమర్ల హైస్కూల్లో రోబోల పోటీ అన్నారు.
ట్రాకు ఇన్‌చార్జి డ్రిల్లు మాస్టారే అన్నారు.
ఇరవై రెండేళ్లు కబడ్డీకి సున్నం గీతలు గీసినోణ్ణి,
గీతే కదా అన్నాను.

గీతే, కానీ
పాత ఎన్నికల ఫ్లెక్సు తిరగేసి పరవాలి,
ఓడిపోయినాయన నవ్వు నేలకేసి ఉండాలి.
దాని వీపు మీద నల్ల టేపు,
మలుపు మలుపుకీ బొటనవేలి గోరుతో నొక్కుతూ
బుడగ లేకుండా.
రాత్రి పదకొండున్నరకి చుట్ట అయిపోయింది.
కొట్లు కట్టేశారు.
బీరువాలో దొరికిన మూరెడు ముక్క
మూడో మలుపులో అతికించి
అరచేత్తో రాసి, ఇంటికి పోయాను.

పొద్దున్నే కిటికీల్లోంచి ఎండ.
"ఎండ పడితే వీటికి నలుపేదో తెలుపేదో తెలీదు సార్, బేగి మూసెయ్యాలి"
అన్నాడు సాయం వచ్చిన డిప్లొమా కుర్రాడు.
జూట్ మిల్లు గోనెలు పద్నాలుగు తెచ్చి కట్టాం.
గదంతా జనపనార వాసన.
లైన్‌మేన్ లెంక సన్యాసిరావుని బతిమాలాను,
పది నుంచి ఒంటిగంట దాకా కరెంటు తియ్యొద్దని.
"పెళ్లోళ్లు కూడా ఇంతలా అడగరు మాస్టారూ" అని
తనే వచ్చి మీటరు కింద కూచున్నాడు.

మార్కులకి లెక్కల ఉమాదేవి టీచరు.
బ్యాటరీల బల్ల సోషల్ మాస్టారిది.
ఎర్ర వైరూ నల్ల వైరూ కలపరాదని అట్ట మీద రాసి,
అదీ చాలదన్నట్టు
రెండు చేతులూ బల్ల మీద పరిచి కూచున్నాడాయన.
పంతొమ్మిది జట్లని వంట పోలమ్మకి చెప్పాను,
జట్టుకి ఎందరో చెప్పలేదు.
నాకేసి ఓ చూపు చూసి
ఇంకో కుంచెడు బియ్యం కడిగింది.

పాలిటెక్నిక్ నుంచి వచ్చిన జడ్జి నియమాలు చదివాడు.
మూడు నిమిషాలు.
వదిలాక చెయ్యి తగిలితే ఐదు మార్కులు కోత.
విజిల్ నాదే, కబడ్డీదే.

తొమ్మిదో జట్టు గుర్ల బడి.
కర్రోతు తనూజ, ఎనిమిదో తరగతి.
చెప్పుల డబ్బా అట్ట, సీసా మూతల చక్రాలు.
వదిలేసి చేతులు వెనక్కి కట్టుకుంది.
ఒకటో మలుపు తిరిగింది.
రెండో మలుపూ.
మూడోదాని దగ్గర
కాలవ దిగనన్న దూడలా ముక్కు దించి
ఉన్నచోటే గుర్రుమంటోంది.
గుంట ముందుకు వంగింది,
చేతులు మాత్రం విప్పలేదు.
విజిల్ ఊదాను.

మోకాళ్ల మీద కూచుని చూశాను.
అతుకు దగ్గర టేపు అంచు లేచి ఉంది,
బియ్యపు గింజెత్తు.
పెద్ద చక్రాలోళ్లు ఎక్కేసి పోయారు.
జడ్జి కాగితాల మీంచి తలెత్తలేదు.
ఎవరూ నన్నేమీ అడగలేదు.
ఔటు ఇచ్చి వెనక్కి తీసుకోవడం
ఇన్నేళ్లలో నాకు అలవాటు లేదు.

"ఆ అతుకు నాదండి," అన్నాను.

అంతే, మొదలైంది.
ముందు పరిగెత్తిన ఎనిమిది బళ్ల టీచర్లూ లేచారు,
అయితే మాకూ మళ్లీ ఇమ్మని.
జడ్జి నియమాల కాగితం తిప్పి తిప్పి చూశాడు.
నేను కొత్త బ్లేడుతో అంచు కోసి,
గోరుతో నొక్కి నొక్కి,
ఎవరి మొహమూ చూడకుండా పావుగంట గడిపాను.
ఆగిపోయినోళ్లకే మళ్లీ పరుగు అని తేల్చింది ఉమాదేవి టీచరు.
ఆగిపోయింది ఒక్కర్తే.

రెండోసారి అతుకు దాటింది.
చివరి గీతకి జానెడు దూరంలో
బ్యాటరీ చచ్చిపోయింది.
ఉన్న సత్తువంతా మొదట్లోనే
నా అతుకు దగ్గర ఊడ్చుకుపోయింది.
నాలుగో స్థానం.
సర్టిఫికెట్లు మూడే అచ్చేయించాం.

సాయంత్రం గోనెలు విప్పి మడత పెడుతుంటే
స్క్రూడ్రైవర్ ఒకటి లెక్క తగ్గింది.
గేటు దాకా పోయిన తనూజ వెనక్కొచ్చి
సంచిలోంచి తీసి చేతిలో పెట్టింది.
"మీదే సార్. కలిసిపోయింది."
రెండడుగులేసి మళ్లీ తిరిగింది.
"వచ్చే ఏడు ఒకటే చుట్ట కొనండి."

మర్నాడు కొట్టుకెళ్లి అడిగాను,
అతుకు లేకుండా ట్రాకంతా వచ్చే చుట్ట.
అంత పెద్దది మన దగ్గర ఉండదు మాస్టారూ,
విజయనగరం పోవాలి అన్నాడు.