నల్లా బిగించిన నాడు

నకిరేకల్ల ఐస్‌క్రీం బండోడు
తుక్కు కింద అమ్మిన ఫ్రిజ్జు.
తలుపు రబ్బరు ఎలుకలు కొరికినయి.
అడుగున ఇంకా వెనిల్లా వాసన.

సైదులు రెండు దినాలు వంటసోడతోని రుద్దిండు,
గ్యాసు నింపిచ్చిండు.
మోటరు దగ్గి దగ్గి గురక అందుకుంది.

ఇగ పక్కగోడకు తూటు పొడవాలె.
పైపు యాడ పోతుందో ఎవలికెరుక?
గిలాసెడు కల్లు గోడకు పూసి కూసున్నడు.
ముందుగాల ఆరిన గీత
లోపలి పైపు జాడ.
నాయిన గెల గీసేటప్పుడు
కత్తిని గట్లనే
ఎంట్రుకంత ఇవుతల ఆపుతుండె.

పొద్దుగూకినంక నల్లా తిప్పితే
నురుగు, వట్టి నురుగు.
గంత చలిల గూడ
తాటికల్లు ఊకుంటలేదు,
లోపట గుసగుసమంటనే ఉన్నది.

సైదులు ఫ్రిజ్జుకు చెవి ఆనిచ్చి
గిలాసకు ఎంత పెట్టాల్నో
మర్చేపోయిండు.