రెండు వేళ్ళ సందు

పూర్ణా మార్కెట్‌లో తాళ్ళ కొట్టు.
"దేనికమ్మా? ఆవుకా, పడవకా?"
అసిరినాయుడు నా వంక చూశాడు,
నేను ఎండుచేపల బుట్టల వంక చూశాను.
"ఇంట్లోకి" అన్నాను.
అబద్ధం కాదు.

నైలాన్ మెరిసింది. వద్దన్నాడు.
పదహారేళ్ళుగా హార్బర్‌లో ఓడల మోకులు పట్టినవాడు,
జారే తాడు చర్మాన్నెలా కాలుస్తుందో
అతని అరచేతుల్లో రాసుంది.
కొబ్బరిపీచు ముట్టుకుని నేనే వద్దన్నాను.
చివరికి తెల్లటి నూలు తాడు, వేలి లావు,
మూడు బారల ముక్కలు రెండు.
బుగ్గకి రాసి చూసుకున్నాడు.
కొట్టతను చిల్లర వెతుకుతూ చూడలేదు, నయం.

ఈ కోరిక మొదట నాది కాదు.
రోజంతా ఓడల్ని కట్టేవాడు
ఒక రాత్రి కరెంటు పోతే, ఆ చీకటి ధైర్యంతో
"ఒక్క గంట నన్నూ కట్టెయ్యవే" అన్నాడు.
నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.
పది రోజులు ఆ ఊసెత్తలేదు.
పదకొండో రోజు నేనే అడిగాను,
ఎలా, ఎంతసేపు, ఏది వద్దు అని.
గ్యాస్ బిల్లు వెనక రాసుకున్నాం.
వద్దుల వైపే పొడుగైంది.
మందు తాగిన రాత్రి లేదు.
మెడ దగ్గరికి తాడు రాదు: అది ఇద్దరం ఒకేసారి అన్నాం.

అప్పుడు చెప్పాడు, బీచ్ రోడ్డులో
బొమ్మల షాపు బేడీలు ఎప్పుడో కొన్నానని,
రెండోసారికే తాళంచెవి విరిగిందని.
అల్మారా వెనక నుంచి తీయించి
చెత్తబండిలో వేశాను.

కేజీహెచ్ డౌన్‌లో రక్తం తీసే ఉద్యోగం నాది.
రబ్బరు పట్టీని నిమిషం దాటనివ్వను.
మణికట్టు లోపల నరం ఎంత పైపైన పారుతుందో
నా సూదికి తెలుసు.
కట్టాక తాడుకీ అతనికీ మధ్య
నా రెండు వేళ్ళు దూరాలి.
దూరకపోతే ప్రేమ ఎక్కువైనట్టు కాదు,
తాడు బిగిసినట్టు.
గోరు నొక్కుతాను. తెల్లబడి, మళ్ళీ ఎర్రబడాలి.
"తిమ్మిరా?"
"నేదు."
"చల్లబడ్డాయా వేళ్ళు?"
"నేదే తల్లీ, పరీక్షలెట్టకు."
పెడతాను.
కట్టి ఉన్నంతసేపూ
కుక్కర్ కూతకి కూడా లేచి వెళ్ళను.

ముడి మాత్రం అతనే నేర్పాడు,
కొస లాగితే జారిపోయేది.
"ఇప్పడానికి రానిది ముడి కాదే,
ఉరి."

ఆపమనడానికో మాట కావాలి.
'వద్దు' చాలదు, ఆటలో వద్దనడమూ ఆటే.
"తాటిచెట్లపాలెం" అన్నాడు.
సగం ఊపిరిలో అది తాటి దగ్గరే ఆగిపోతుంది.
లంగరు దగ్గర ఇద్దరం ఆగాం.
నోరు పెగలకపోతే, పిడికిట్లో స్కూటర్ తాళాల గుత్తి,
వదిలేస్తే గచ్చు మీద మోగుతుంది.

మూడో శనివారం.
హార్బర్ వైపు ఏదో ఓడ కూసింది.
"లంగరు" అన్నాడు,
టీ అడిగినంత మామూలుగా.
నేను ముడి వెతకలేదు.
మొద్దు మొన కట్టు కత్తెర పక్కనే ఉంది.
కచక్.

భుజం పట్టేసింది.
ఎప్పుడో క్రేన్ కింద బెణికిన భుజమట,
గ్యాస్ బిల్లు మీదకి ఎక్కని సంగతి.
"నూట ఎనభై రూపాయల తాడే!" అని మూలిగాడు,
నొప్పి కంటే దానికే ఎక్కువ.

దుప్పటి కప్పాను. నీళ్ళు పట్టాను.
అనకాపల్లి బెల్లం ముక్క నోట్లో పెట్టాను.
చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత చాలాసేపు మాట్లాడాడు.
పదహారేళ్ళలో ఏ ఓడా
తనని అడగలేదట, నొప్పిగా ఉందా అని.

ఉతికి మేడ మీద ఆరేస్తే
పక్కింటి వరహాలమ్మ గారు తడిమి చూశారు.
"మెత్తటి తాడమ్మా, ఎక్కడ కొన్నావు?"
తెగిన ముక్క దండేనికి ఇచ్చేశాను.
ఇప్పుడు దాని మీద వాళ్ళాయన కాకీ చొక్కాలు
సముద్రపు గాలికి చేతులూపుతుంటాయి.
డ్యూటీకి వెళ్తూ అసిరినాయుడు
పైకి చూస్తాడు,
హెల్మెట్ లోపల నవ్వుకుంటాడు.

బిల్లు వెనక కొత్త గీత గీశాను:
కుడి భుజం.
ఇంకేమైనా ఉన్నాయా అని రాత్రికి అడగాలి.