తాలు

బ్రాడీపేట నాలుగు బై పద్నాలుగులో మా కొట్టు.
మే నెల. ఏసీ గాలి
బాకీ ఉన్న మనిషిలా
నా బల్ల దాకా రాకుండానే తప్పుకుపోతుంది.

సైదావలి గోనెసంచిలోంచి తీశాడు
తువ్వాల్లో చుట్టిన గ్రాఫిక్స్ కార్డు.
సెకండ్ హ్యాండుది. రేకు మీద ఎవరో పేరు గీసుకుని
మళ్ళీ ఎవరో గీకేశారు.
"పరీక్ష చేసి చెప్పు బాబూ,
నిలబడుద్దా, నిలబడదా?"

స్లాటులో దించి, మొదటి ఆట పెట్టాను:
వానలో తడిసే పట్నం.
ఒక్కో మడుగులో ఒక్కో వీధి తలకిందులుగా.
బయట గుంటూరులో నలభై నాలుగు డిగ్రీలు,
లోపల కార్డు అరవై, డెబ్భై, ఎనభై రెండు...

అప్పుడు మొదలైంది.
ముందు నా గొంతులో గరగర.
తర్వాత బిల్లులు రాసే సుభాషిణికి తుమ్ము,
మౌసు కొనడానికొచ్చిన కుర్రాడికి రెండు.
తిరగమోతలో మిరపకాయ మాడినట్టు
కొట్టంతా కోరు.

ఆపి, విప్పి చూస్తే
రాగి గొట్టాల పక్కన, సన్నటి రేకుల సందుల్లో
మెత్తగా, ఎర్రగా
రెండు చెంచాల కారం.

"యార్డు ఎదురుగదిలో ఉండేదంట ఇది,"
నవ్వాడు సైదావలి.
ఆయనకి దగ్గు కూడా రాలేదు.
పదకొండేళ్ళుగా మిర్చి కాటా దగ్గర నిలబడ్డ ముక్కు.

బ్రష్షుతో దులిపి, బ్లోయరు వీధివైపు తిప్పి ఊదాను
(పోయే స్కూటరొకటి తుమ్ముకుంటూ పోయింది).
బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టి బిగించాను.
మళ్ళీ వాన. మళ్ళీ పట్నం.
వేడి డెబ్భై దగ్గర కుదురుకుంది.
"సగటున సెకనుకి డెబ్భై రెండు ఫ్రేములండీ,
మంచి కార్డే."

ఆయన తెర వంక చూడలేదు.
"సగటు నాకెందుకు?
బస్తా మూతి దగ్గర ప్రతివాడూ మేలు కాయే పేరుస్తాడు.
మేం మోచేతి దాకా చెయ్యి దించి
అడుగునించి పిడికెడు తీస్తాం.
తాలెంత? అది చెప్పు."

తొమ్మిదేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను.
పట్టికలో అట్టడుగున ఒక వరస ఉంటుంది,
నూటికి ఒక్క వంతు, అన్నిటికన్నా ఆలస్యమైన ఫ్రేముల లెక్క.
ఎవరూ అడగరు.
అడగనిది చదివి అమ్మకం చెడగొట్టుకోవడం ఎందుకని
నేనూ చదవను.
ఇవాళ చదివాను: పంతొమ్మిది.

"ఎక్కడ తగ్గుతుంది?"
ఆయన ఆడే ఆటే పెట్టాం. లారీ ఆట.
"మీ అబ్బాయిదా?"
"నాదే."
ఎడమ మోకాలు పోయాక క్లచ్చు తొక్కలేక
అసలు లారీ దిగేశాడట.
రాత్రి పదకొండు దాటాక
మంచుకొండల మీద సరుకు దింపి వస్తాడట.

ఘాట్ రోడ్డు. మలుపు.
ఎదురొచ్చే బండి దీపాలు పొగమంచులో చెదిరిన చోట
తెర ఊపిరి బిగపట్టింది.
నేను అంకె చూసేలోగా
సైదావలి కుడికాలు
గచ్చు మీద లేని బ్రేకు తొక్కింది.
"ఇదిగో," అన్నాడు. "ఇక్కడ."

నీడలు ఒక మెట్టు దించాను.
పొగమంచు పల్చన చేశాను. అందం కొంత పోయింది,
దూరంగా చెట్లు అట్టముక్కల్లా నిలబడ్డాయి.
ఆయనకి చెట్లతో పనిలేదు.
మళ్ళీ అదే మలుపు.
నేనీసారి తెర చూడలేదు, చెప్పు చూశాను.
కదల్లేదు.

బిల్లు వెనక రాసిచ్చాను:
మేలు డెబ్భై ఆరు.
తాలు నలభై ఒకటి.
రెండో అంకె మీద వేలు పెట్టి తలూపి,
కార్డుని మళ్ళీ తువ్వాల్లో చుట్టుకున్నాడు.

రాత్రి షట్టరు దించుతూ కన్ను నులుముకున్నాను.
చేతులు మూడుసార్లు కడిగాను కదా,
గోళ్ళ కింద ఇంకా ఉంది.